మాల తీసిన మర్నాడు

మా వీధి చివర ఆటో నడిపే ఒకన్న ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తాడు. మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిది దాటితే ఆయన్ని పలకరించలేం. మాల పడిందా, మనిషే వేరు. నల్లబట్టలు, కటిక నేల మీద పడక, తెల్లవారుజామున చన్నీళ్లు. 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. మర్నాడు సాయంత్రానికి వైన్స్ ముందు ఉంటాడు.

దీనికి వీధి మొత్తానిదీ ఒకటే తీర్పు: "దేవుడంటే భయముంది, పెళ్లాం పిల్లలంటే లేదు." నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఓసారి మాలలో ఉండగా అడిగేశాను. "స్వామీ, ఇన్నాళ్లు ఉండగలిగినవారు, తీశాక ఏమైపోతుంది మీకు?"

"రాత్రి పది దాకా భజన. పొద్దున నాలుగింటికి లేవాలి. మధ్యలో గుర్తుకు రావడానికి టైమెక్కడిది స్వామీ? మాల తీశాక రాత్రి పెద్దదైపోద్ది."

ఏం గుర్తుకొస్తుందో కూడా అప్పుడే చెప్పాడు. చాలా ఏళ్ల కిందట పొలంలో మోటారు ఆన్ చేయబోయి, స్టార్టరు డబ్బా పట్టుకుని తమ్ముడు కళ్లెదుటే పోయాడు. కర్ర తెచ్చి కొట్టి విడిపించేసరికి అంతా అయిపోయింది. ఆ కాలిన వాసన ఇప్పటికీ నిద్రలో వస్తుందట.

మత్తు మానడం ఒక సంగతి, మానేసి అలాగే ఉండిపోవడం ఇంకో సంగతి. మొదటిదాని గురించి మంచి ఆధారం వియత్నాం యుద్ధం నుంచి వచ్చింది. 1971 నాటికి అక్కడి అమెరికా సైనికుల్లో హెరాయిన్ విపరీతంగా పాకిపోయింది. మూత్ర పరీక్షలో మత్తు ఆనవాళ్లు లేవని తేలితేనే ఇంటికి విమానం ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ సెప్టెంబరులో తిరిగొచ్చిన వాళ్లలో దాదాపు 900 మందిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకుని మాట్లాడారు. అక్కడ ఉండగా దానికి బానిసలైపోయామన్నవాళ్లు ఐదుగురిలో ఒకరు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైనది నూటికి ఐదుగురే. మూడేళ్లకు లెక్క చూసినా నూటికి పన్నెండు.

అప్పట్లో ఈ లెక్క చాలామందికి మింగుడు పడలేదు. మాల సంగతి తెలిసిన మనకు మాత్రం అంత వింతగా ఉండదు. చోటు మారింది, చుట్టూ మనుషులు మారారు, రోజు గడిచే పద్ధతి మారింది. దీక్షలో ఉన్నవాడికి పేరు కూడా మారిపోతుంది, ఊరంతా స్వామీ అనే పిలుస్తుంది. పాత అలవాటుకు ఆనుకోవడానికి గోడే ఉండదు.

అయితే కొందరు సైనికులు యుద్ధాన్ని ఇంటికి మోసుకొచ్చారు. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఎవరితోనూ కలవలేకపోవడం. దీనికి పీటీఎస్‌డీ అని పేరు పెట్టి, అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలో చేర్చింది 1980లో. వీళ్లలో చాలామంది మందు పట్టుకున్నారు.

మందే ఎందుకంటే, అది పని చేస్తుంది కాబట్టి. ఈ మాట ఒప్పుకోకుండా తాగుడు గురించి మాట్లాడటం దండగ. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకు లాంటిది, గ్లుటమేట్ యాక్సిలరేటరు. మద్యం బ్రేకును గట్టిగా తొక్కి, యాక్సిలరేటరు మీది కాలు తీయిస్తుంది. ఎప్పుడూ పొంచి ఉండే భయం కాసేపు సద్దుమణుగుతుంది. పైగా కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను, ముఖ్యంగా రాత్రి మొదటి సగంలో, అణిచేస్తుంది. పీడకలలతో చస్తున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నూటయాభై రూపాయలకు కల రాని నిద్ర!

రోజూ తొక్కుతుంటే మెదడు సర్దుకుంటుంది. తన బ్రేకు తనే వదులు చేసుకుని, యాక్సిలరేటరు పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆపితే బండి ఎటు పోతుంది? చేతుల వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్, రెండో రోజో మూడో రోజో లేనివి కనపడటం. ఇది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. రోజూ పొద్దున్నే మొదలుపెట్టే స్థాయిలో తాగేవాళ్లు మాల వేసే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి తీరాలి. (కూరలో తెలియకుండా కలిపే "మానిపించే పొడులు" మరీ ప్రమాదం. వాటిలో డైసల్ఫిరామ్ (మద్యం ఒంటికి పడకుండా చేసే ఔషధం) ఉంటే, విషయం తెలియక తాగిన మనిషి గుండె మీదికి తెచ్చుకోవచ్చు.)

ఆ రెండు మూడు రోజులు దాటాక అణిగిన కలలు వడ్డీతో సహా తిరిగొస్తాయి. ఇంట్లోవాళ్లు "మానేశాడు, ఇంక హాయి" అనుకునే వారాల్లోనే లోపల అతను ఎప్పుడూ లేనంత అధ్వానంగా ఉండొచ్చు.

దిగులు సంగతి కొంచెం వేరు. మందు వల్లే వచ్చిన దిగులు చాలామందిలో మూడు నాలుగు వారాల్లో దానంతటదే తేలికపడుతుంది. అందుకే కొందరు డాక్టర్లు డిప్రెషన్ అని తేల్చే ముందు కొన్నాళ్లు ఆగుతారు. మన 41 రోజులు ఆ గడువును దాటేస్తాయి. అప్పటికీ మిగిలి ఉన్నది మందు కన్నా పాతది అయ్యుండవచ్చు.

ఎంత పాతదో అమెరికాలోని శాండియేగోలో విన్సెంట్ ఫెలిటీ అనే డాక్టరుకు అనుకోకుండా తెలిసింది. ఆయన బరువు తగ్గించే క్లినిక్‌లో, బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తున్నారు. ఆరా తీస్తే చాలామంది చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురైనవాళ్లు. ఒంటి బరువే వాళ్లకు రక్షణ. ఆ దారిలో ఆయన, రాబర్ట్ ఆండా అనే మరో పరిశోధకుడు కలిసి తొమ్మిది వేలకు పైగా మంది బాల్యం గురించి అడిగి 1998లో ప్రచురించారు. కొట్టడం, వేధింపులు, ఇంట్లో తాగుడు లాంటి ఏడు రకాల కష్టాల్లో నాలుగో అంతకన్నా ఎక్కువో పడినవాళ్లు, ఏదీ పడనివాళ్ల కన్నా తాగుడుకు బానిసలైనది ఏడు రెట్లు ఎక్కువ. ఇది తలరాత కాదు. అంత కష్టం పడి కూడా గ్లాసు ముట్టనివాళ్లు బోలెడుమంది.

"ముందు మానెయ్, తర్వాత మనసు సంగతి చూద్దాం" అన్నది డీ-అడిక్షన్ సెంటర్లలో పాత పద్ధతి. గాయాన్ని కదిలిస్తే మళ్లీ తాగుతారన్న భయం. ఆస్ట్రేలియాలో 103 మందితో చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, జరిగినదాన్ని పద్ధతిగా గుర్తు చేయించే చికిత్సను మత్తు చికిత్సతో కలిపి ఇచ్చారు. పీటీఎస్‌డీ లక్షణాలు బాగా తగ్గాయి. వాడకం పెరగలేదు. అలాగని మామూలు చికిత్స పొందినవాళ్ల కన్నా ఎక్కువగా తగ్గనూ లేదు. చిన్న పరిశోధనే కానీ, ఆ పాత భయాన్ని సడలించడానికి చాలు.

మన దగ్గర అసలు డాక్టరు దాకా వెళ్లేదే అరుదు. 2019లో ఎయిమ్స్ వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినది ఒక్కరికే. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు అన్నకు రాసిచ్చాను.

ఆటో అద్దం కింద వినాయకుడి బొమ్మ వెనక దోపుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత సవారీ ఎక్కితే, అద్దంలోంచి చూస్తూ అడిగాడు. "తాగుడు సంగతి చెబుతా సరే. ఆ స్టార్టరు డబ్బా సంగతి కూడా చెప్పాలంటావా?"

చెప్పమన్నాను. గ్రీన్ సిగ్నల్ పడింది. బండి ముందుకి పోనిచ్చాడు.