రాతి కింద చేబదులు

పోయిన వేసవిలో బెంగళూరులో మా వీధిలో బోరు వేశారు. వెయ్యి అడుగులు దాటినా బూడిదరంగు రాతిపొడే లేచింది తప్ప నీళ్లు పడలేదు. లాల్‌బాగ్ గుట్ట మీద మనం ఎక్కి కూర్చునే రాయి లాంటిదే అది. ఆ గుట్ట వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. బి12 ఇంజెక్షన్ వేయించుకుని అప్పుడే వచ్చిన మా అత్త ఆ పొడి చూసి, "ఇంత లోతులో ప్రాణమనేది ఉంటుందిరా?" అంది. ఉంటుంది అత్తా. పైగా నీలాగే ఆ లోతు సూక్ష్మజీవుల్లోనూ బి12 బయటినుంచి అందాల్సినవి ఉంటాయి.

బి12ను మొక్కలు చేయలేవు, జంతువులూ చేయలేవు. బాక్టీరియా, వాటిలాగే కనిపించినా వేరే వంశానికి చెందిన ఏకకణ జీవులైన ఆర్కియాలే చేయాలి. నడుమ ఒక కోబాల్ట్ పరమాణువును కూర్చోబెట్టి చుట్టూ వలయం అల్లడానికి దాదాపు 30 ఎంజైమ్ మెట్లు పడతాయి. 2019లో సుమారు 11,000 బాక్టీరియా జాతుల జన్యువులు పోల్చి చూశారు. బి12 కుటుంబపు విటమిన్లు వాడేవి 86 శాతం. మొదటినుంచి చివరిదాకా సొంతంగా చేసుకోగలిగేవి 37 శాతమే. మిగతావాటికి చేబదులే గతి. సగం తయారైన ముక్క దొరికితే మిగతా పని పూర్తిచేసుకునేవీ ఉన్నాయి, పక్కింట్లో చెంచాడు తోడు అడిగి తెచ్చి పెరుగు మనమే తోడుపెట్టుకున్నట్టు.

భూమి లోతుల్లో ఈ అప్పు ఇంకా అవసరం. అక్కడ ఎండ లేదు. తిండి అంటే రాయీ నీరూ కలిసినచోట పుట్టే హైడ్రోజన్ లాంటివి, అవీ అరకొరే. కొన్ని కణాలు రెండుగా చీలడానికి వందల ఏళ్లు పట్టవచ్చని అంచనా. అంత లేమిలో 30 మెట్ల వంట ఇంటింటా ఎందుకు? పక్క కణం చచ్చి పగిలితే విటమిన్ నీళ్లలో కలుస్తుంది. అది అందినంతకాలం, ఆ జన్యువులు పోగొట్టుకున్న కణానికి నష్టం లేదు, ఖర్చు మిగులుతుంది. తరతరాలుగా అలా పోగొట్టుకుంటూ పోతే ఏమవుతుందో అమెరికాలో, కొలరాడోలోని రైఫిల్ దగ్గర భూగర్భజలంలో కనిపించింది. 2015లో అక్కడి బాక్టీరియా జన్యుపటాలు వందల్లో వెలువడ్డాయి. చాలా చిన్నవి. అమైనో ఆమ్లాలు, విటమిన్లు చేసుకునే దారులు వాటిలో చాలావాటికి లేవు. బహుశా ఇతర కణాలను అంటిపెట్టుకుని బతుకుతాయి.

ఒంటరిగా నెగ్గుకొచ్చేదీ ఉంది. దక్షిణాఫ్రికాలోని మ్పొనెంగ్ బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతు నీటిలో డీసల్ఫొరుడిస్ ఆడాక్స్‌వయేటర్ అనే బాక్టీరియా దొరికింది. ఆ నీటిలోని సూక్ష్మజీవుల్లో 99.9 శాతానికి పైగా అదొక్కటే. యురేనియం రేడియోధార్మికత నీటిని చీల్చగా వచ్చే హైడ్రోజన్‌తో బతుకుతుంది, కార్బన్, నైట్రోజన్ తానే సమకూర్చుకుంటుంది. అందరూ దీన్నే మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం చేబదులు అడిగేవాటి దగ్గరే ఆగిపోతుంది.

మాకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనులున్నాయి. 3 కిలోమీటర్లకు పైగా లోతు. 2001లో మూతపడ్డాక నీళ్లు నిండాయి. పైనీరు కలవని ఏ పగులులోనుంచో ఒక సీసాడు నీళ్లు తెచ్చి, అందులో బి12 వండేదెవరో, అడిగి తినేదెవరో చూడాలని నాకు ఎంతో ఆశ.