ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్యాల) చిత్రకారులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: చెట్టుకింద కూర్చుని కనబడింది దించేస్తే బొమ్మ అయిపోతుంది.

వాస్తవం: ఆరుబయట చేతికి చిక్కేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఆపైన ఎండ జరిగిపోతుంది, నీడలు వాటం మార్చుకుంటాయి. మారిన నీడనల్లా దిద్దుకుంటూ పోతే బొమ్మలో రెండు వైపుల నుంచి ఎండ పడుతుంది. అందుకే మొదటి పది నిమిషాల్లోనే నీడల అంచులు పెన్సిల్‌తో గీసేసుకోవాలి, ఇక వాటి జోలికి పోకూడదు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ వేసిన ‘ది హే వెయిన్’ (గడ్డిబండి, 1821) చూస్తే ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర స్టౌర్ నది ఒడ్డునే వేశాడనిపిస్తుంది. నిజానికి వేసింది లండన్ స్టూడియోలో. ముందు ఊళ్లో చేసుకున్న చిన్న చిన్న ఆయిల్ స్కెచ్‌లు, తర్వాత అసలు కాన్వాసంత సైజులో ఇంకో స్కెచ్, ఆ తర్వాతే ఆ ఆరడుగుల బొమ్మ.

అపోహ: ఆకాశం ఆఖర్న, నీలం పూస్తే సరి.

వాస్తవం: నేల మీద వెలుతురెంతో తేల్చేది ఆకాశమే. 1821, 22ల్లో కాన్‌స్టబుల్ లండన్ దగ్గరి హ్యాంప్‌స్టెడ్‌లో ఒక్క మేఘాలనే పదులకొద్దీ వేశాడు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలివాటం రాసిపెట్టాడు. ఇంతకు మించిన హోంవర్క్ లేదు. వాటర్ కలర్‌లో మేఘం చెడేది ఎక్కువగా ఒక్కచోటే: కాగితం మీద తడి మెరుపు తగ్గాక, నీళ్లోడుతున్న బ్రష్ మళ్లీ తగిలిస్తారు. ఆ నీళ్లు సగం ఆరిన రంగును పక్కకు నెట్టి, క్యాలీఫ్లవర్ అంచులా మరక కట్టిస్తాయి. మెరుపు ఉండగానే వేయండి, లేదా పూర్తిగా ఆరనివ్వండి. మన వేసవిలో ఆ వ్యవధి మరీ తక్కువ, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాగితం రెండువైపులా తడుపుకుంటే కాస్త ఊపిరాడుతుంది.

అపోహ: చెట్లకు ఆకుపచ్చ ట్యూబు చాలు.

వాస్తవం: విరిడియన్ అనే ట్యూబు ఆకుపచ్చ నేరుగా పూస్తే ప్లాస్టిక్ ఆకులే. అల్ట్రామెరీన్ (నీలం), యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి, రవ్వంత బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) వేయండి. దూరపు చెట్లకు నీలం పెంచి, నీళ్లూ పెంచాలి. ‘హే వెయిన్’లో గుర్రాల జీనుకు పెట్టిన కాసింత ఎరుపు తీసేసి ఊహించుకోండి, పక్కనున్న పచ్చదనమంతా చప్పబడిపోతుంది.

అపోహ: దేశాలు తిరగాలి.

వాస్తవం: కాన్‌స్టబుల్ ఇంగ్లండ్ దాటి వెళ్లలేదు.

అపోహ: మంచి బొమ్మ దానంతటదే అమ్ముడుపోతుంది.

వాస్తవం: లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ‘హే వెయిన్’ను కొన్నవాళ్లు లేరు. 1824లో పారిస్ నుంచి వచ్చిన వ్యాపారి కొంటే, అక్కడి సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. కాన్‌స్టబుల్‌కు అకాడమీ పూర్తి సభ్యత్వం 1829లో, 52 ఏళ్లకు. తనకంటే ఏడాదే పెద్దయిన మరో ఇంగ్లండ్ ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడు టర్నర్‌కు అది 1802లోనే దక్కింది. ఈలోగా కాన్‌స్టబుల్ ఇల్లు గడవడానికి, ఇష్టం లేకపోయినా, మనుషుల పోర్ట్రెయిట్లు వేశాడు. తండ్రి పోయాక వచ్చిన ఆస్తి వాటా లేకపోతే 1816లో పెళ్లి కూడా కుదిరేది కాదు. ఈ రంగంలోకి వస్తామనే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే: పాఠాలు చెప్పడమో, ఆర్డర్ బొమ్మలో, ఏదో ఒక రెండో ఆదాయం చూసుకోండి.