ఫైబర్ అన్న మాట ఎక్కడిదాకా?

ఇంటికి నెట్ మోసుకొచ్చే వైరు కొస ఎలా ఉంటుందో చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. రౌటర్ వెనకో, గోడకు బిగించిన చిన్న డబ్బా కిందో ఉంటుంది. సన్నటి వైరుకు ఆకుపచ్చ లేదా నీలం రంగు చదరపు ప్లాస్టిక్ పిన్ను ఉంటే లోపల ఉన్నది గాజు పోగు, అంటే అసలైన ఫైబర్. మర తిప్పి బిగించేలా గుండ్రంగా ఉండి, మధ్యలో రాగి సూది కనిపిస్తే అది కేబుల్ టీవీ వాళ్ల వైరు. చిన్న క్లిప్పుతో టిక్కుమని దిగిందంటే పాత ల్యాండ్‌ఫోన్ లైనే. చాలా దేశాల్లో చాలా ఏళ్లపాటు ఈ మూడింట్లో దేన్నైనా "ఫైబర్" పేరుతో అమ్మగలిగారు.

"ఇది నిజంగా ఫైబరేనా?", "నెట్ ఎందుకు ఊరికే పోతోంది?" అనేవి రెండు వేర్వేరు ఫిర్యాదుల్లా కనిపిస్తాయి కానీ, రెండింటి మూలం ఒక్కటే: లైనులోని ఆఖరి ముక్క.

కథ గాజుతోనే మొదలవుతుంది. గాజు పోగుల కట్టలోంచి బొమ్మను పంపవచ్చని పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్కిన్స్ కలిసి 1954లో 'నేచర్' పత్రికలో చూపించారు. వైద్యులు కడుపులోకి చూసే గొట్టాలకు ఆ విద్య పనికొచ్చింది. కబురు పంపడానికి మాత్రం చాలలేదు. అప్పటి మంచి గాజులో కూడా కిలోమీటరుకు 1000 డెసిబెల్స్ వరకు వెలుగు పోయేది. అంటే మూడు మీటర్లకే సగం ఆవిరి. తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది అని 1966లో ఇంగ్లండ్‌లోని హార్లో ప్రయోగశాలలో పనిచేస్తున్న చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హమ్ తేల్చి చెప్పారు. నష్టాన్ని 20 డెసిబెల్స్‌కు దించగలిగితే ఫోన్ కంపెనీలకు ఇది పనికొస్తుందన్నారు. 20 డెసిబెల్స్ అంటే కిలోమీటరు దాటేసరికి నూటికి ఒక వంతే మిగలడం. అది కూడా దొరికితే చాలనుకున్న రోజులవి! 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ 17 డెసిబెల్స్ సాధించారు. ఇప్పటి ఫైబర్‌లో నష్టం 0.2 దగ్గర ఉంటుంది, పదిహేను కిలోమీటర్లు వెళ్లాక గానీ వెలుగు సగానికి పడదు. కావోకు 2009లో భౌతిక శాస్త్ర నోబెల్‌లో సగం వాటా దక్కింది.

1988లో అట్లాంటిక్ అడుగున మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8 పని మొదలుపెట్టింది. ఆ తర్వాత నగరాల మధ్య, ఖండాల మధ్య పెద్ద లైన్లన్నీ గాజువే అవుతూ వచ్చాయి. కుయ్యిమంటూ కూసే డయలప్ మోడెమ్‌తో పంపిన మెయిల్ కూడా దారిలో ఎక్కడో గాజు మీదే పరుగెత్తింది. ఈ లెక్కన ఇంటర్నెట్ అంతా ఫైబరే కదా అని వాదించవచ్చు. తర్వాత మార్కెటింగ్ వాళ్లు వాదించింది దాదాపు అదే.

ఇంటిదాకా మాత్రం రాగే. మనిషి గొంతు కోసం వేసిన జంట తీగ అది, ఫోను మాటకు 4 కిలోహెర్ట్జ్ లోపే చాలు. ఆ పైన ఖాళీగా పడి ఉన్న చోట డేటా నడపవచ్చని 1980ల చివర్లో అమెరికా ఫోన్ కంపెనీల పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లో జోసెఫ్ లెక్లైడర్ చూపిన దారే ఏడీఎస్ఎల్. దిగుమతికి (డౌన్‌లోడ్) ఎక్కువ చోటు, ఎగుమతికి (అప్‌లోడ్) తక్కువ ఇవ్వడం ఆయన కిటుకు. వీడియో కాల్‌లో ఎదుటివాళ్లు మనకు స్పష్టంగా కనిపిస్తూ, వాళ్లకు మనం ముక్కలు ముక్కలుగా కనిపించడం వెనక ఆ లెక్క ఇంకా ఉంది. దాని మెరుగైన రూపం ఏడీఎస్ఎల్2+ గరిష్ఠం సెకనుకు 24 మెగాబిట్లు, అదీ ఎక్స్ఛేంజి పక్కనే ఇల్లుంటే. దూరం పెరిగేకొద్దీ వేగం కరిగిపోతుంది.

దూరమే సమస్యైతే గాజును వీధి పెట్టె దాకా తెచ్చేద్దాం, మిగిలిన కొన్ని వందల మీటర్లకు పాత రాగినే వాడుకుందాం అన్నారు. 2006లో వచ్చిన వీడీఎస్ఎల్2 ప్రమాణంతో దగ్గరి ఇళ్లకు 100 మెగాబిట్ల దాకా అందింది. ఇళ్ల ముందు తవ్వకాల్లేవు, ఖర్చు తక్కువ. ఇంజనీరు దృష్టిలో తెలివైన సర్దుబాటే. దీన్నే ఫైబర్ అని అమ్మడం మొదలయ్యాక చిక్కొచ్చింది. ఎందుకంటే నెట్ పడిపోయేది ఆ మిగిలిన వందల మీటర్లలోనే.

రాగి తీగ ఊరుకునే రకం కాదు. అది యాంటెన్నా కూడా. ఏఎం రేడియో స్టేషన్ల పౌనఃపున్యాలు ఏడీఎస్ఎల్2+ వాడుకునే చోటు మధ్యలోనే ఉంటాయి. రాత్రిపూట ఏఎం తరంగాలు చాలా దూరం పాకుతాయి కాబట్టి, పగలంతా బాగున్న లైను చీకటి పడ్డాక తడబడటం అభూత కల్పనేమీ కాదు. జాయింట్లో తేమ చేరినా, పక్క జంట తీగ సందడి ఇందులోకి కారినా, మోడెమ్ పట్టు జారి అవతలి పరికరంతో మళ్లీ మొదటి నుంచి బేరం మొదలుపెడుతుంది. అదే మనకు రెండు మూడు నిమిషాలు నెట్ పోవడం. పదేపదే అలా జరిగితే అవతల ఉన్న సిస్టమ్ లైను బాలేదనుకుని వేగం తనంతట తాను తగ్గించేస్తుంది. విసుగొచ్చి రౌటర్‌ని గంటకోసారి ఆపి మళ్లీ ఆన్ చేసేవాళ్లు తెలియకుండా దానికి సాక్ష్యం సమకూర్చిపెడుతుంటారు.

వేల్స్‌లోని అబర్హోసన్ అనే పల్లె సంగతి 2020లో బయటికొచ్చింది. దాదాపు ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరందరికీ బ్రాడ్‌బ్యాండ్ కుంటుపడేది. కేబుళ్లు మార్చి చూశారు, ఫలితం లేదు. చివరికి ఇంజనీర్లు తెల్లవారకముందే గాల్లోని విద్యుత్ తరంగాలను పసిగట్టే స్పెక్ట్రమ్ అనలైజర్ పట్టుకుని వీధులన్నీ తిరిగారు. సరిగ్గా ఏడింటికి ఒక ఇంట్లోంచి పెద్ద విద్యుత్ రొద అందుకుంది. అది ఆ ఇంట్లో రోజూ అదే టైముకి ఆన్ చేసే పాత సెకండ్‌హ్యాండ్ టీవీ! దాన్ని మానేశాక ఊరి నెట్ కుదుటపడింది. గాజుకు ఈ జబ్బు రాదు. పక్కన ఎన్ని పాత టీవీలు పెట్టినా వెలుగుకు పట్టదు.

కేబుల్ టీవీ దారిది వేరే కథ. 1997లో టీవీ వైరు మీద డేటా నడిపే డాక్సిస్ ప్రమాణం వచ్చాక ఆ కోయాక్సియల్ వైరు మీద మంచి వేగాలే వచ్చాయి. కాకపోతే ఒకే వైరు వీధి మొత్తానికి, అందుకే సాయంత్రమైతే నీరసం. ఒకరింట్లో వదులైన కనెక్టర్ రొద అందరి నెత్తినా పడుతుంది.

ఇక పేరు తగాదా. 2016లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది: గాజు ఇంటిదాకా రాకపోతే, ప్రకటనలో ఫైబర్ అన్న మాట వాడినచోటల్లా ఇంటి కనెక్షన్ ఫైబర్ కాదని చెప్పి తీరాలి. ఇటలీ 2018లో ట్రాఫిక్ లైట్ల పద్ధతి పట్టుకుంది. పూర్తి ఫైబర్‌కు ఆకుపచ్చ గుర్తు, గాజూ రాగీ కలిసినదానికి పసుపు, ఫైబర్ లేనిదానికి ఎరుపు. నాకైతే అన్నిట్లోకీ ఇదే నచ్చింది, చదవక్కర్లేదు, చూస్తే చాలు. బ్రిటన్ మాత్రం చాలాకాలం నానబెట్టింది. అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఏఎస్ఏ 2017లో జనాన్ని అడిగి చూసి, ఫైబర్ అన్న మాటను వాళ్లు ప్రకటనల్లో గమనించనే లేదని, ఆధునికంగా వినిపించే మాటల్లో ఒకటిగా తీసుకుంటున్నారని, కాబట్టి మోసమేమీ లేదని తేల్చింది. అసలు ఫైబర్ వేస్తున్న సిటీఫైబర్ కంపెనీ కోర్టుకెక్కి 2019లో ఓడిపోయింది. జనం పట్టించుకోలేదంటే మోసం లేదనా, మాటకు అర్థమే అరిగిపోయిందనా? చివరికి టెలికం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చాయి. ఒప్పందానికి ముందు ఇచ్చే వివరాల్లో, ఇంటిదాకా గాజు వస్తేనే ఫైబర్ అనాలి.

ఇంటిదాకా గాజు వస్తే ఏం మారుతుంది? ఒకే పోగును చాలా ఇళ్లకు పంచే 2003 నాటి జీపాన్ ప్రమాణంలో అవతలి నుంచి బయలుదేరిన ఒక పోగును కరెంటు అక్కర్లేని స్ప్లిటర్ 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తుంది. వీధిలో మెషీన్ లేదు కాబట్టి చెడిపోయేదీ తక్కువ. దాదాపు 2.5 గిగాబిట్లు ఆ ఇళ్లన్నీ పంచుకుంటాయి. ఇదీ షేరింగే, ఆ మాట ప్రకటనల్లో పెద్దగా వినిపించదు. ఇంట్లో డబ్బాకు అందే వెలుగు సుమారు మైనస్ 28 డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే లెక్క) కంటే పడిపోతే కనెక్షన్ తెగుతుంది, 'లాస్' అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంది. సోఫా వెనక వైరు మడతపడితే చాలు. పిన్ను కొస మీద ధూళి రేణువు చాలు, వెలుగు పోయే దారి వెడల్పు తొమ్మిది మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మరి. ఆ కొసను వేలితో తుడిచిన వాళ్లని చూశాను. తర్వాత కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సి వచ్చింది కూడా వాళ్లకే.

ఇంత చేసినా "ఫైబర్ పెట్టించాం, అయినా కాల్ మధ్యలో ఆగుతోంది" అనేవాళ్లు తక్కువేం లేరు. రాగి వదిలేసిన ఆఖరి ముక్క పాత్రను ఇప్పుడు వైఫై తీసుకుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానళ్లు మూడే. మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే ఇలాకా. రెండో దోషి రౌటర్లోని క్యూ. 2010లో జిమ్ గెటిస్ అనే ప్రోగ్రామర్ తన ఇంట్లో పెద్ద ఫైళ్లు పంపుతుంటే మిగతా నెట్ అంతా ఎందుకు నత్తనడక నడుస్తోందా అని తవ్వి చూశారు. పరికరాల్లో మెమరీ చవకై, డేటాను వదిలేయకుండా బారులు తీర్చి నిలబెడుతున్నాయి. వేగం తగ్గదు, వంతు రావడం ఆలస్యమవుతుంది. దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే విరుగుడు చూపారు. అయినా ఇళ్లలో అది లేని రౌటర్లకు కొదవ లేదు.

స్పీడ్ టెస్టులో ఇదంతా కనిపించకపోవచ్చు. అది కొన్ని సెకన్లపాటు గొట్టం ఎంత లావో కొలుస్తుంది, రోజులో పదిసార్లు రెండేసి సెకన్లు ఆగిన సంగతి చెప్పదు. కాబట్టి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేముందు కంప్యూటర్‌లో పింగ్ (ఒక అడ్రసుకు చిన్న కబురు పంపి బదులు రావడానికి ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) తెరిచి, బయటి సైట్‌కు కాకుండా ముందు మన రౌటర్ అడ్రసుకే పంపి చూడండి. కాల్ ఆగిన క్షణంలో, రెండు గదుల అవతల ఉన్న ఆ డబ్బా బదులివ్వడానికే 200 మిల్లీసెకన్లు తీసుకుంటోందా? అలాగైతే సిగ్నల్ ఇంకా గాజు దాకా చేరనే లేదు.