వంటసోడా మంచు కాదు: టేబుల్‌టాప్ మంచు నేలల గురించి అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం మండపేట నుంచి ఒక కుర్రాడు చెప్పుల పెట్టె పట్టుకుని అమలాపురంలో మా ఇంటికి వచ్చాడు. పెట్టెలో పాత తువ్వాలు పరిచి, దాని మీద 22 మినీలు (బల్ల మీద ఆడే ఆటకి రంగులేసిన చిన్న బొమ్మలు) వరసగా పడుకోబెట్టాడు. ఏడు నెలల పని. ముఖాలకి వేసిన రంగు, తోడేలు బొచ్చు మీద డ్రైబ్రష్ (దాదాపు పొడి బ్రష్‌తో రంగు తుడిచే పని) చూస్తే నాకు ముచ్చటేసింది. కానీ అతను వాటిని చూపించడానికి రాలేదు.

"ఆయ్, నా చెయ్యి తిరగలేదేమోనండీ. మంచుకి ఎన్నిసార్లు తెలుపు వేసినా మళ్ళీ పసుపు వచ్చేస్తోందండీ" అన్నాడు.

ఆ తోడేలు బేస్ (మినీ నిలబడే పీఠం) వెలుతురులో పెట్టి చూశాను. ముందుకాళ్ళ దగ్గర మంచు గట్టి పెచ్చు కట్టింది. అంచుల్లో టీ ఒలికిన గుడ్డ రంగు. వెనక కాలి దగ్గర వేలు పెడితే చెమ్మగా తగిలింది. "వంటసోడానా?" అని అడిగాను. తల ఊపాడు. ఈ ఏడాది ఇలా నా దగ్గరికి వచ్చినవాళ్ళలో అతను ఐదోవాడు. ఐదుగురూ తప్పు తమ చేతిదే అనుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వంటసోడాలో ఫెవికాల్ కలిపితే చవగ్గా మంచి మంచు వస్తుంది.

వాస్తవం: వస్తుంది, రెండు మూడు నెలలు. వానాకాలం మొదలయ్యాక పాడవుతుంది.

వీడియోల్లో ఇది చూపించేవాళ్ళు చాలామంది పొడి గాలి ఉండే ఊళ్ళవాళ్ళు. చలికాలంలో వాళ్ళ గదుల్లో హీటర్లు నడుస్తాయి. అక్కడా ఆ మంచు పసుపు తిరుగుతుంది, కాకపోతే కాస్త నెమ్మదిగా. మన సంగతి వేరు. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, ఓ పక్క సముద్రం. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటే రోజులు మనకి మామూలే. మన వంటింట్లో ఉప్పు డబ్బా ఆషాఢం వచ్చేసరికి నీళ్ళు వదులుతుందని తెలిసి కూడా, నీళ్ళలో కరిగే ఇంకో పొడిని మంచు అని బేస్ మీద పోస్తున్నాం.

జరిగేది ఇదీ. వంటసోడా నీళ్ళలో కరుగుతుంది. ఫెవికాల్‌లో నీళ్ళు ఉంటాయి. కలపగానే రేణువుల్లో కొన్ని కరిగి, ఆరేటప్పుడు మళ్ళీ గడ్డకట్టి పెచ్చవుతాయి. తర్వాత గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా అదే తంతు. పైగా సోడాది క్షార గుణం. చెమ్మ ఉన్నచోట అది ఫెవికాల్‌లాంటి పీవీఏ జిగురుకి మంచిది కాదు. ఫెవిక్విక్ పోసి సోడా చల్లితే క్షణంలో రాయిలా బిగుస్తుంది, అది నిజమే. విరిగిన బేస్ అతకడానికి నేనూ ఆ పని చేస్తాను. అతుకు మీద ఎలాగూ రంగు వేస్తాం కాబట్టి ఫరవాలేదు. మంచు అలా కాదు, పైకి కనిపించేదే అది.

పసుపు మీద మళ్ళీ తెలుపు వేస్తే ఉపయోగం లేదు. కింద సోడా ఉన్నంతకాలం అది పైకి వస్తూనే ఉంటుంది. ఆ కుర్రాడు నాలుగు పొరలు వేశాడు. నాలుగో పొరకి తోడేలు పాదాలు పూర్తిగా మునిగిపోయాయి.

ఉప్పు కూడా అంతే, ఇంకా తొందరగా పాడవుతుంది. బియ్యప్పిండి ముగ్గు చల్లితే మూడో రోజుకి చీమలు, వారానికి బూజు. దూది క్రిస్మస్ పాకకి బాగుంటుంది, ఏటా తీసి కొత్తది పెడతాం కాబట్టి. మినీ పక్కన పెడితే మాత్రం దూదిలాగే కనిపిస్తుంది.

నేను వాడేది పాలరాతి పొడి. గ్రానైటు, మార్బుల్ పని చేసేచోట అడిగితే దొరుకుతుంది. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కాబట్టి మామూలు నీళ్ళకి కరగదు. టీ వడకట్టుతో ఒకసారి జల్లించండి. మూడు వంతుల పొడికి ఒక వంతు మెరుపునిచ్చే (గ్లాసీ) యాక్రిలిక్ మీడియం, ఒక చెంచా తెల్ల యాక్రిలిక్ రంగు. ఇడ్లీ పిండి కన్నా గట్టిగా, గారెల పిండి కన్నా జారుగా ఉండాలి. పాత బ్రష్ వెనక కొనతో పెట్టండి, లాగకండి. తడి ఉండగానే పైన పొడి పొడిగా ఇంకొంచెం చల్లితే అప్పుడే కురిసినట్టు ఉంటుంది. మీడియం ఖరీదు అనుకుంటే కింది పొరకి ఫెవికాల్ చాలు. అది కూడా ఏళ్ళ మీద కొంచెం రంగు తిరుగుతుంది కనక పై పొరకి మాత్రం వద్దు.

పడవలకి ఫైబర్ పని చేసేవాళ్ళు రెసిన్‌లో కలిపే మైక్రోబెలూన్ పొడి ఇంకా మెత్తగా, తేలిగ్గా, నిజం మంచులా మిలమిలలాడుతుంది. అది గాజు. ఎన్95 మాస్క్ లేకుండా ఆ డబ్బా మూత కూడా తియ్యకండి, ఫ్యాన్ ఆపండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. పాలరాతి పొడి జల్లించేటప్పుడూ మాస్క్ ఉండాల్సిందే.

నా మాట మీద నమ్మకం లేకపోతే రెండు సీసా మూతలు తీసుకోండి. ఒకదానిలో సోడా మంచు, ఒకదానిలో పాలరాతి మంచు పెట్టి వంటింటి కిటికీలో వదిలెయ్యండి. నా మూతలు నాలుగు వానాకాలాలు చూశాయి. అడిగినవాళ్ళకి చేతిలో పెట్టి చూపిస్తాను.

అపోహ: మంచు తెల్లగా ఉంటుంది, కాబట్టి తెలుపు ఒక్కటి చాలు.

వాస్తవం: తెలుపు ఒక్కటే వేస్తే సున్నం పూసినట్టు ఉంటుంది. మంచుగడ్డ ఎర్ర కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది, అందుకే లోతైన పగుళ్ళలో నీలం కనిపిస్తుంది. ఎండ తగలని చోటికి ఆకాశం రంగే వెలుతురు. ముందు లేత నీలం వెయ్యండి, మిట్టల మీద మాత్రం తెలుపు. తెల్ల పంచెకి నీలిమందు పెట్టిన అమ్మమ్మలున్న ఇళ్ళు మనవి, ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అపోహ: మంచు ఎన్నడూ చూడని మనకి మంచు చెయ్యడం రాదు.

ఈ మాట అడిగేవాళ్ళ గొంతులో బెరుకు నాకు తెలుసు, నేనూ అలాగే మొదలుపెట్టాను. మంచు ఎలా పేరుకుంటుందో నాకు అంతర్వేది ఇసక నేర్పింది. సముద్రం గాలి కొట్టే రోజు సరుగుడు తోటల పక్కన నడవండి. ప్రతి మొద్దుకీ గాలి చాటు వైపు ఇసక తోకలా సాగి ఉంటుంది, గాలి తగిలే వైపు మొదట్లో చిన్న గుంట ఉంటుంది. ఎండు మంచూ గాలికి అలాగే కొట్టుకొచ్చి పేరుకుంటుంది. మీ టేబుల్ మీద గాలి ఏ మూల నుంచి వస్తోందో ముందే అనుకుని, అన్ని రాళ్ళకీ, అన్ని గోడలకీ ఒకే పక్క మంచు పెట్టండి. చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా నిజం అనిపిస్తుంది. లోతు కూడా లెక్క ప్రకారం ఉండాలి. 28 మి.మీ. మినీకి మోకాలి లోతు అంటే దాదాపు 8 మి.మీ. అంతే. చాలామంది నడుము దాకా పోస్తారు.

చెట్ల విషయంలో మనకి ఎదురే లేదు. కొబ్బరి పీచు ముక్కలు రెండు సన్నని ఇనప తీగల మధ్య పరిచి, తీగలు మెలిపెట్టి, కత్తెరతో శంకువులా కత్తిరిస్తే దేవదారు చెట్టు తయారు. కోనసీమలో పీచుకి ఎవరైనా డబ్బులు పెట్టి కొంటారా! మంచులోంచి పైకి పొడుచుకొచ్చే ఎండుగడ్డికీ అదే పీచు.

అపోహ: థర్మోకోల్ కొండ మీద నేరుగా స్ప్రే కొట్టొచ్చు.

కొట్టకూడదు. అందులోని సాల్వెంట్ థర్మోకోల్‌ని తినేస్తుంది. ఫెవిక్విక్ కూడా తింటుంది. నల్ల యాక్రిలిక్‌లో ఫెవికాల్ కలిపి రెండు పొరలు బ్రష్‌తో వేసి, పూర్తిగా ఆరనిచ్చాకే స్ప్రే జోలికి వెళ్ళండి. ముసురు పట్టిన రోజున మ్యాట్ వార్నిష్ కొడితే తెల్లటి పొర కమ్ముకుంటుంది. కొందరు దాన్నే మంచు అనుకుని మురిసిపోతారు, తర్వాత ముఖాలు కూడా మసకబారాయని బాధపడతారు. ఎండ కాసే రోజు కోసం ఆగండి.

ఇక ఆట సంగతి.

అపోహ: మంచు సీన్ అంటే ప్రతి రౌండుకీ చలి డ్యామేజ్.

వాస్తవం: డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల చుట్టూ కూర్చుని కథలా ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకంలో రూల్ అలా లేదు. తీవ్రమైన చలిలో గంటకోసారి, గంట చివర్లో, డీసీ 10 (డైస్‌తో అందుకోవాల్సిన అంకె) కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఒంటి దారుఢ్యంతో తట్టుకునే పరీక్ష. తప్పితే ఒక లెవెల్ ఎగ్జాషన్ (అలసట). ఆరు లెవెల్స్ అయితే ప్రాణం పోతుంది. దళసరి కోటు, చేతి తొడుగులు ఉంటే సేవ్ అక్కర్లేకుండానే గట్టెక్కుతారు. తీవ్రమైన చలి అంటే 0 డిగ్రీలు అని పుస్తకంలో చూసి మనవాళ్ళు సెల్సియస్ అనుకుంటున్నారు. అది ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 18. సున్నా సెల్సియస్ దగ్గరికి లంబసింగి కూడా వెళ్తుంది. అక్కడ చలిమంట దగ్గర టీ తాగి తిరిగొచ్చినవాళ్ళం చాలామందిమి. ఆ చలికి మొదటి లెవెల్ క్యారెక్టర్లని చంపేసిన డీఎంలు (ఆట నడిపేవాళ్ళు) నాకు తెలుసు. అలా క్యారెక్టర్ పోయిన అమ్మాయి ఒకతె మళ్ళీ ఆటకి రాలేదు.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. మనకి పొద్దున గడ్డి మీద బొట్టూ మంచే, ధనుర్మాసంలో రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఒకసారి నేను "ముందంతా మంచు" అన్నాను. ముగ్గురు ఆటగాళ్ళు పొగమంచు అనుకుని దివిటీ వెలిగించి పరిగెత్తారు. నేను చెప్పింది గడ్డకట్టిన ఏరు. తప్పు నాది, ఆ దెబ్బలు వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి "పొగమంచు", "కాళ్ళ కింద గడ్డ", "కురుస్తున్న మంచు" అని విడదీసి చెప్తున్నాను. మూడింటికీ రూల్స్ వేరు. జారే గడ్డ మీద నడక సగం, పైగా టర్న్‌లో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు డీసీ 10 అక్రొబాటిక్స్ (పడకుండా నిలదొక్కుకునే పరీక్ష). జోరుగా కురిసే మంచులో చూపు మీద ఆధారపడే పర్సెప్షన్‌కి (పసిగట్టే పరీక్షకి) డిసడ్వాంటేజ్, అంటే గెలవడం కష్టం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పల్చటి గడ్డ. పది అడుగుల చదరానికి 3డి10 (పది ముఖాల డైస్ మూడు) వేసి పదితో గుణించండి, అన్ని పౌండ్లు ఆగుతుంది. సగటున 165, అంటే దాదాపు 75 కిలోలు. ప్లేట్ కవచం ఒక్కటే 65 పౌండ్లు, ఇక లోపలి మనిషి బరువు మీరే చూసుకోండి. ఇలాంటి ఏరు ముందు పెట్టినప్పుడు మా బల్ల దగ్గర లంకలో పుట్టిన కుర్రాడొకడు డైస్ ముట్టుకోకుండానే, "ఒక్కొక్కళ్ళం ఎడంగా పోదాం, కవచాలిప్పి తాడు కట్టి వెనక లాగుదాం" అన్నాడు. పంటు (ఏరు దాటించే బల్లకట్టు) మీద జనమంతా ఒక పక్కకి చేరితే సరంగు ఎలా కేకలేస్తాడో చిన్నప్పటి నుంచీ విన్నవాడు. నలుగురూ దాటారు. ఐదోది సామాను మోసే గాడిద, దాన్ని తిప్పి పంపారు. ఒక్క కత్తి దెబ్బ లేకుండా 40 నిమిషాలు నడిచింది, ఎవరూ ఫోన్ చూడలేదు. ఎవరైనా పడినా వెంటనే చంపకండి. కాన్‌స్టిట్యూషన్ స్కోరు ఎంతో అన్ని నిమిషాలు నీళ్ళలో తట్టుకుంటారు, ఆ తర్వాతే సేవ్‌లు.

మండపేట కుర్రాడి మినీల దగ్గరికి వస్తాను. ఇప్పటికే సోడా వేసినవాళ్ళు పారెయ్యకండి. గోరువెచ్చని నీళ్ళలో బేస్ మాత్రం మునిగేలా అరగంట ఉంచితే సోడా కరుగుతుంది, ఫెవికాల్ మెత్తబడుతుంది. పళ్ళపుల్లతో గీకి, మెత్తటి బ్రష్‌తో కడిగి, రెండు రోజులు నీడన ఆరబెట్టండి. మినీ మీద ఆరిపోయిన యాక్రిలిక్ రంగుకి ఏం కాదు. ఫెవిక్విక్‌తో బిగిసినవి నీళ్ళకి లొంగవు, వాటికి కట్టరే. మొదటి తోడేలుని అతని చేతే గీకించాను. పావుగంటకి పెచ్చు మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. కింద అతను మొదట వేసిన నల్ల నేల, దాని మీద పాదాలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. మిగతా 21 ఇంటికి పట్టుకెళ్ళాడు, వాటితో పాటు ఒక హార్లిక్స్ సీసాడు పాలరాతి పొడి.