గుజ్జు అరిగిందని కూర్చోబెట్టకండి

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో సాయంత్రం బెంచీల దగ్గర తెలుగు బాగానే వినిపిస్తుంది. పిల్లల దగ్గర ఉందామనో, మనవల్ని చూసుకుందామనో వచ్చిన పెద్దవాళ్ళు. ఊళ్ళో గుడికీ బజారుకీ నడిచే వెళ్ళేవారు. ఇక్కడ లిఫ్టు, సోఫా, టీవీ. దానికి తోడు మోకాలి ఎక్స్‌రే చూసి ఎవరో "గుజ్జు అరిగిపోయింది" అనగానే ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: "అమ్మా, నువ్వు లేవకు, మేం తెచ్చిస్తాం." ప్రేమతో అన్నదే, కానీ మోకాలికి చేటు చేసేది ఆ మాటే.

గుజ్జు అంటే ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి. అందులో రక్తనాళాలు ఉండవు. కీలులోని జిగట ద్రవమే దానికి తిండి. కాలు మోపినప్పుడు స్పాంజిలా నొక్కుకుని, కాలు ఎత్తినప్పుడు ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలకపోతే ఆ కాస్త పోషణా తగ్గుతుంది. తొడ ముందు కండరం సంగతి ఇంకా ముఖ్యం. నడిచేటప్పుడు మోకాలి మీద పడే అదురును చాలావరకు కాసేది అదే. నొప్పి భయంతో కూర్చుండిపోతే కండరం సన్నబడుతుంది, నొప్పి పెరుగుతుంది, మరింత కూర్చుంటారు. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా తిరిగేవాళ్ళున్నారు, కొద్దిపాటి అరుగుదలకే అవస్థ పడేవాళ్ళూ ఉన్నారు. అందుకని ఫిల్మ్ చూసి బెంబేలెత్తక్కర్లేదు.

కండరాన్ని తిరిగి బలపరచడానికి గట్టి కుర్చీ ఒకటి చాలు. వెన్ను ఆనించి కూర్చుని, ఒక కాలు నేరుగా చాచి, వేళ్ళను మీ వైపు లాగండి. మోకాలి చిప్పకు పైన కండరం రాయిలా బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి. అది అలవాటయ్యాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే కంగారు వద్దు, మర్నాటికి సర్దుకుంటే చాలు. సర్దుకోకపోతే తగ్గించి చేయండి, మానేయకండి.

ఒంటరిగా చేస్తే వారానికే విసుగొస్తుంది. డెన్మార్క్‌లో 2013లో మొదలై కెనడా, ఆస్ట్రేలియాలకు పాకిన 'గ్లాడ్' కార్యక్రమంలో ఫిజియోథెరపిస్టులు కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి జబ్బు గురించి చెబుతారు, తర్వాత పన్నెండు సార్లు పక్కనుండి వ్యాయామం చేయిస్తారు. మన క్లబ్‌హౌస్‌లో ఇది అసాధ్యమా? ఒక ఫిజియోను పిలిచి మొదట నేర్పిస్తే, ఆ తర్వాత "వదినా, ఇవాళ రాలేదేం?" అని అడిగే మనిషి ఉంటే చాలు.

బరువు మాట కూడా చెప్పాలి. ఒంట్లో కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. చేతికర్ర పట్టేవాళ్ళు నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

కీళ్ళకు మంచివని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలకు డబ్బు పోయొద్దు. వాటిని ఇవ్వవద్దని బ్రిటన్ 2022 మార్గదర్శకాలే చెబుతున్నాయి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు నొప్పి మాత్రలు సొంతంగా రోజూ మింగడం ప్రమాదం. పైన రాసుకునే నొప్పి జెల్ ముందు వాడి చూడవచ్చు. మోకాలు ఎర్రబడి వేడెక్కి వాచినా, జ్వరం తగిలినా, కాలు మోపలేకపోయినా మాత్రం వ్యాయామాలు పక్కనపెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.