ఆరో నిమిషం దగ్గర నిలిచిపోయే కమాండ్

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కాలేజీ పాఠాల వీడియోలను రాత్రిపూట చిన్న సైజుకు మార్చే సర్వీస్ ఒకటి పైథాన్‌లో రాశారనీ, అది పిలిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలను మార్చే ప్రోగ్రామ్) కమాండ్‌ను మీరు టెర్మినల్‌లో స్వయంగా కొడితే చక్కగా పూర్తవుతోందనీ, సర్వీస్ నడిపినప్పుడు మాత్రం చిన్న వీడియోలు గట్టెక్కి పెద్దవి ఐదారు నిమిషాలకల్లా నిలిచిపోతున్నాయనీ రాశారు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, సీపీయూ వాడకం సున్నా. అందుకే మీరు దానికి "హ్యాంగ్ అయింది" అని పేరు పెట్టారు.

సీపీయూ ముట్టుకోకుండా కూర్చున్న ప్రాసెస్ దాదాపు ఎప్పుడూ దేనికోసమో కాచుకొని ఉంటుంది. దేనికోసమో కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి, తెలుసు, అడిగితే చెబుతుంది. అడగకుండా రీస్టార్ట్ చేస్తే ఉన్న ఒక్క సాక్ష్యమూ చెరిగిపోతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇలాంటి సర్వీస్ ఒకటి రోజూ తెల్లవారుజామున దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపే ఏర్పాటులో) ఒక లైను రాసి, సమస్య తీరిందని మూడు నెలలు మురిసిపోయాను. ఆ లైను మా పై అధికారి కంట పడిన రోజు సంగతి మరోసారి చెబుతాను.

కాబట్టి ఈసారి నిలిచిపోయినప్పుడు దాన్ని చంపకండి. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కమాండ్‌తో ప్రాసెస్ నంబరు పట్టుకొని, దాని స్థితి గడిలో ఏ అక్షరం ఉందో చూడండి. 'ఆర్' ఉంటే అది నిజంగానే పని చేస్తోంది, మనకే ఓపిక చాలలేదు. 'డి' ఉంటే డిస్కు దగ్గరో, ఎన్ఎఫ్ఎస్ వంటి నెట్‌వర్క్ ఫైళ్ల దగ్గరో ఇరుక్కుంది. అప్పుడు బలవంతంగా చంపే కిల్ 9 కొట్టినా చాలాసార్లు కదలదు. మీది 'ఎస్', అంటే దేనికోసమో కాచుకొని నిద్రపోతున్న స్థితి, అయి ఉంటుందని నా అంచనా. అలాగైతే, ప్రాసెస్ కెర్నెల్‌ను ఏమి అడుగుతోందో చూపే స్ట్రేస్‌ను, సుడో పెట్టి (అడ్మిన్ అధికారంతో) ఆ నంబరుకు తగిలించండి. తెర మీద ఒకే ఒక్క లైను వస్తుంది: 'రైట్' అని, బ్రాకెట్ తెరిచి 2 అని, ఆ తరువాత ఫ్రేముల లెక్కతో మొదలయ్యే అక్షరాల ముక్క. ముగింపు బ్రాకెట్ మాత్రం ఎంతసేపు చూసినా పడదు. 2 అంటే స్టాండర్డ్ ఎర్రర్, ప్రోగ్రామ్ తన సందేశాలు రాసే దారి. అంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అక్కడ ఏదో రాయబోయి, రాయడానికి చోటు లేక నిలబడి ఉంది.

చోటు ఎందుకు లేదో లెక్క వేద్దాం. మీ సర్వీస్‌కూ కమాండ్‌కూ మధ్య ఉన్న పైప్‌లో, అంటే ఒకటి రాసినదాన్ని మరొకటి చదివేదాకా ఉంచే గొట్టంలో, లినక్స్ మామూలుగా ఇచ్చే చోటు 65,536 బైట్లు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన పురోగతిని అర సెకనుకు ఒకసారి స్టాండర్డ్ ఎర్రర్‌లోకి ఒక్కో లైనుగా రాస్తుంది. ఒక్కో లైను దాదాపు 95 అక్షరాలు. ఈ లెక్కన సుమారు 690 లైన్లకు, అంటే ఆరు నిమిషాలు కూడా నిండకముందే పైప్ నిండుతుంది. మీ ఐదారు నిమిషాలు ఇవే. చిన్న వీడియోలు పైప్ నిండేలోపే పూర్తయి బయటపడుతున్నాయి. మీరు చేత్తో కొట్టినప్పుడు టెర్మినల్ ఆ లైన్లను వచ్చినవి వచ్చినట్టే తీసుకుంటుంది కనుక అక్కడ నిండే ప్రసక్తే లేదు.

మరి పైప్ రెండో కొస ఎవరి చేతిలో ఉంది? మీ పైథాన్ కోడ్ చేతిలోనే. కమాండ్‌ను మొదలుపెట్టే పోపెన్‌కు స్టాండర్డ్ ఎర్రర్‌ను పైప్‌గా ఇచ్చి, వెంటనే 'వెయిట్' పిలిచి ఉంటారు. మీ కోడ్ కమాండ్ ముగిసేదాకా చదవదు. చదివితే తప్ప కమాండ్ ముగియదు. ఇలా జరుగుతుందని పైథాన్ డాక్యుమెంటేషన్‌లో 'వెయిట్' కిందనే హెచ్చరిక ఉంది, కానీ ఒకసారి దెబ్బ తినేదాకా దాన్ని ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను చివరిదాకా చదివి, ఆ తరువాత ఎర్రర్ చదువుదామనుకున్నా ఇదే గతి. 'కమ్యూనికేట్' రెండింటినీ ఏకకాలంలో చదువుతుంది, అయితే చదివినదంతా మెమరీలో పోగుచేస్తుంది. మీ పనికి అంతకన్నా మేలైన దారి, ఆ ఎర్రర్‌ను నేరుగా ఒక ఫైలులోకి మళ్లించి, పురోగతి లైన్లు రాకుండా 'నోస్టాట్స్' ఇవ్వడం.

ఒకవేళ స్ట్రేస్ 'రీడ్' అని, 0 అని చూపిస్తే కథ వేరు. 0 అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్, ప్రోగ్రామ్ జవాబులు చదువుకునే దారి. ముందురాత్రి సగంలో ఆగిన వీడియో అదే పేరుతో మిగిలి ఉంటే, దాని మీద రాయమంటారా అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అడుగుతుంది. మీరు స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను కూడా పైప్‌గా తెరిచి వదిలేసి ఉంటే, ఎవరూ ఇవ్వని జవాబు కోసం తెల్లవార్లూ కూర్చుంటుంది. ఇన్‌పుట్ చదవవద్దని చెప్పే 'నోస్టడిన్', దానితోపాటు పాతదాని మీద రాయమని చెప్పే 'వై' పెట్టండి. విండోస్‌లో ఇది మరీ ఇబ్బంది: విస్టా కాలం నుంచి సర్వీసులు సెషన్ 0లో విడిగా నడుస్తాయి కనుక, అవి తెరిచే డైలాగ్ బాక్స్ మన తెర మీదకు రానే రాదు.

టైమ్‌అవుట్ పెడితే సరిపోదా అని అడిగారు. పెట్టండి, కానీ కారణం తెలిశాకే. పోపెన్‌లో 'షెల్'ను ట్రూ చేసి, అంటే కమాండ్‌ను షెల్ ద్వారా నడిపితే, గడువు దాటాక పైథాన్ చంపేది షెల్‌నే. దాని కింది ఎఫ్ఎఫ్ఎంపెగ్ పైప్ కొసను పట్టుకొని బతికే ఉండవచ్చు, దానికోసం మీ సర్వీస్ మళ్లీ కాచుకుంటుంది. కమాండ్‌ను కొత్త సెషన్‌లో మొదలుపెట్టి, గడువు దాటితే ఆ గ్రూపు మొత్తాన్ని కిల్‌పీజీతో ఆపండి.

ఈ రాత్రికి కోడ్ ఏదీ మార్చకండి. అది నిలిచిపోయాక స్ట్రేస్‌లో వచ్చే ఆ ఒక్క లైనును ఉన్నదున్నట్టు రాసి పంపండి. బ్రాకెట్ తరువాత ఉన్నది 0 అంకెనా, 2 అంకెనా అన్నది ముందు చూడండి.

మీ తాతయ్య