రిపోర్టులన్నీ నార్మలే

వైద్యం కోసం హిందూపురం నుంచి బెంగళూరు వచ్చిన పెదనాన్న మారతహళ్లిలో మా ఇంట్లోనే దిగారు. నెలల తరబడి సాయంత్రమైతే జ్వరం, నాలుక మీద మానని పుండు. పంచె నడుం మీద నిలవనంతగా చిక్కిపోయారు. టీబీ అనుకుని ఊళ్లో మందులు వాడారు, తగ్గలేదు. ఇక్కడ స్కాన్‌లో, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు రెండూ వాచి కనిపించాయి. సూదితో చిన్న ముక్క తీసి చూస్తే హిస్టోప్లాస్మా అనే ఫంగస్!

ఫంగస్ అంటే గజ్జల్లో తామరేగా అనుకునేవాణ్ణి. ఇది గబ్బిలాల రెట్ట, కోళ్ల ఎరువు కలిసిన మట్టిలో బూజులా దారాలు దారాలుగా పెరుగుతుంది. దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే, ఒంటి వేడికి వేషం మార్చి ఈస్ట్ కణమైపోతుంది. పైగా తనను మింగిన మాక్రోఫేజ్ (క్రిములను మింగేసే రక్షక కణం)లోనే కాపురం పెట్టి, దానితోపాటే ఒళ్లంతా తిరుగుతుంది. 1905లో పనామాలో దీన్ని మొదట చూసిన అమెరికన్ వైద్యుడు శామ్యూల్ డార్లింగ్ కూడా ప్రోటోజోవా జాతి పరాన్నజీవి అనుకున్నాడు. ఫంగస్ అని తేలడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది.

పీల్చిన చాలామందికి జలుబంత కూడా ఇబ్బంది ఉండదు. ఒళ్లంతా పాకేది ఎక్కువగా ఎయిడ్స్ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో. పెదనాన్నకు ఇవేవీ లేవు, షుగర్ కూడా లేదు. మరి ఇమ్యూనిటీ బాగున్నట్టేనా?

నాకైతే ఆ మాట మీదే అనుమానం. రక్తపరీక్ష తెల్లకణాలను లెక్కపెడుతుంది గానీ అవి పని చేస్తున్నాయో లేదో చెప్పదు. మాక్రోఫేజ్ తాను మింగినదాన్ని చంపాలంటే టీ కణాలనే మరో రకం తెల్లకణాల నుంచి ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురు అందాలి. అది అందకపోయినా కౌంట్ నార్మలే. కార్డ్9 జన్యువు దెబ్బతిన్నవాళ్లు కొందరు పైకి ఆరోగ్యంగానే ఉంటారు, ఫంగస్ దగ్గర మాత్రం ఓడిపోతారు. ఈ సంగతి 2009లో ఒక ఇరాన్ కుటుంబం వల్ల బయటపడింది. అయితే అందరిలోనూ ఇలాంటి లోపం దొరకదు. పెదనాన్నకు ఆ పరీక్షలు చేయించలేదు.

మొదట ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు సెలైన్‌లో ఎక్కించారు, వణుకుతో మంచం ఊగిపోయింది. తర్వాత ఏడాది పాటు ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందు. కడుపులో ఆమ్లం ఉంటేనే ఆ క్యాప్సూల్ ఒంటికి పడుతుందని, రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర మాన్పించారు. పెదనాన్న కోపమంతా దాని మీదే: "ఫంగస్ సంగతి సరేరా, పులిహోర తింటే గుండెల్లో మంట ఎవరు చూస్తారు?"